చావు తర్వాత నవ్వాలి

భయమేస్తే కొందరికి నోరు ఎండిపోతుంది. నాకు నోరు పండుతుంది. పొద్దున పదిన్నరకు మానుకోటలో మూతబడిన ఆ టాకీసు మెట్లెక్కుతూ మూడు జోకులు వేశాను. వినడానికి పక్కన ఎవరూ లేరు. ఎంత భయపడ్డానో మీరే అంచనా వేసుకోండి.

నా పేరు యాకయ్య. జనగామలో పంతొమ్మిదేళ్లు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా కుడి మోకాలు చెడిపోతే వదిలేసి, ప్రైవేటు డిటెక్టివ్‌నయ్యాను. మా ఊళ్లో డిటెక్టివ్ అంటే పెళ్లికొడుకు తాగుతాడో లేదో కనుక్కుని చెప్పేవాడు. తాగేవాళ్లను పట్టుకోవడం నా రోజువారీ పని. దాగేవాళ్లను పట్టుకునే పని ఎప్పుడో గాని రాదు.

ఈసారి వచ్చింది. తెచ్చింది రజని. ఆమె అన్న సాంసన్ అంతకు ముందురోజు ఇదే టాకీసు బాల్కనీ మీంచి పడి చనిపోయాడు. ఆమె భర్త జోసెఫ్ అక్కడ జరుగుతున్న టీవీ షూటింగుకు వడ్రంగి పని చేసినవాడు. బామ్మర్దిని చంపింది అతనేనని సాయంత్రం నాలుగింటికి పోలీసులు పట్టుకుపోయారు. ఒకే రోజు, ఒకే ఇంట్లోంచి, ఇద్దరు. ఇరవై నాలుగు గంటల్లో, అంటే ఇవాళ నాలుగింటిలోగా జోసెఫ్‌ను మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. పెడితే జైలు. ఆ లోపల అసలువాడెవడో నేను చూపించాలి.

చంపిన చోటు గురించి చెప్పాలి. ఒక చానెల్లో శనివారం వచ్చే క్రైమ్ సీరియల్ ఉంది. దాని రెండువందలవ ఎపిసోడ్‌ను పాత నలుపు తెలుపు సస్పెన్స్ సినిమాలకు నమస్కారంగా తీస్తున్నారు. గోడ మీద మెట్ల నీడ, సగం తెరిచిన తలుపు, చేతి తొడుగు వేసుకున్న చెయ్యి, ఇలాంటి సరంజామా అంతా ఉంది. గూడూరు నుంచి వచ్చిన సాంసన్‌ది ముసలి ప్రొజెక్టర్ ఆపరేటర్ వేషం. బాల్కనీ రెయిలింగ్ మీదికి వంగి కిందికి చూసి హడలిపోవాలి, అంతే. పడాల్సింది గడ్డి నింపిన బొమ్మ. తర్వాత భోజనానికి ముందు సాంసన్ కింద కుర్చీల మధ్య శవంలా పడుకుంటే అది ఇంకో షాటు.

నిన్న పదకొండూ ఇరవై ఆరుకు సాంసన్ వంగాడు. రెయిలింగ్ విరిగింది. ఇరవై రెండడుగులు. డైరెక్టరు కట్ చెప్పలేదు. సాంసన్ ఇంత గొప్పగా చేస్తాడనుకోలేదని కింద నలుగురు చప్పట్లు కొట్టారట.

రజని నన్ను అడిగినవి రెండు. మొదటిది భర్త. రెండోది ఒక ఫొటో. రేపు మట్టి చేస్తారు, ఫ్లెక్సీకి అన్న ఫొటో కావాలి.

"మా అన్నయి మంచి ఫొటోలే లేవన్నా," అంది. "ఉన్నయన్నీ సచ్చినయే. ఇరవయ్యారు సార్లు సచ్చిండు టీవీల. నవ్వినయి గా కెమెరావాళ్ల తాన ఉంటయట."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. తెర మీద చచ్చినవాడు షాటు అయ్యాక లేచి, కెమెరాకు మొహం చూపించి ఒకసారి నవ్వాలి. నవ్వు తీయకపోతే కీడు. సాంసన్ ఇంటికొచ్చి చెప్పేవాడట: ఇరవయ్యారు సార్లు సచ్చిన, ఇరవయ్యారు సార్లు లేసి నవ్విన, మూడో దినమే లేసిన ప్రభువు కంటె నాదే తొందర అని. అది చెబుతూ రజని నవ్వబోయింది. మొహం మధ్యలోనే విరిగిపోయింది. రెయిలింగ్ లాగే.

* * *

టాకీసు లోపల మధ్యాహ్నం కూడా అర్ధరాత్రే. తలుపులకూ కిటికీలకూ నల్లగుడ్డలు కట్టారు. పైన గబ్బిలాలు. ప్రమాదం జరిగిందని మనుషుల షూటింగ్ ఆపేశారు గాని, శనివారం ఆగదు కాబట్టి గడియారం, మెట్లు, నీడలు, ఇలా మనుషులు లేని ముక్కలు తీస్తున్నారు. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ కాపలా. అతను పన్నెండు తర్వాత భోజనానికి పోయి మళ్లీ కనపడలేదు.

మొదట కలిసింది కెమెరామన్ రాంచందర్‌ను. యాభై ఐదేళ్లుంటాయి. రేగొండలో భూములున్న ఇంటి బిడ్డ, ముప్పై ఏళ్లుగా హైదరాబాదులో కెమెరా పట్టాడు. అమావాస్యకు షూటింగ్ చేయడు. కెమెరాకు నిమ్మకాయ కడతాడు. ఆ కెమెరాను ఇంకెవరినీ ముట్టనివ్వడు. అది నిమ్మకాయకు గౌరవమో, మనుషుల మీద అపనమ్మకమో తెలియదు. మెత్తని మనిషి. కూర్చోమని కుర్చీ తుడిచి వేశాడు.

నిన్న పొద్దున ఎక్కడున్నారని అడిగాను. కెమెరా దగ్గరే అన్నాడు. సాంసన్‌తో తగాదా ఉందా అంటే, ఆ మనిషితో ఎవనికి తగాదా ఉంటదన్నాడు. అప్పుడు నేనొక మూర్ఖపు పని చేశాను. చేతిలో ఉన్న ఒక్క ముక్కనూ బల్ల మీద పరిచేశాను. ఆరు నెలల క్రితం భూపాలపల్లిలో ఇదే సీరియల్ వాన సీను తీస్తుంటే రెడ్యా అనే లైట్‌మన్ కరెంటు కొట్టి చనిపోయాడు. కాగితాల మీద గుండెపోటని రాశారు. తీగ తెగి ఉందని రెడ్యా చెప్పినా, ఆ లైటు ఉండాల్సిందేనని ఎవరో పట్టుబట్టారని, ఆ మాట రెడ్యా భార్య తరఫున వచ్చే వారం కోర్టులో చెబుతానని సాంసన్ చెల్లెలికి చెప్పాడు. పట్టుబట్టింది ఎవరో మాత్రం చెప్పలేదు.

"గా దినం కెమెరా మీద మీరే గదా సార్?" అన్నాను.

రాంచందర్ చాలాసేపు నిమ్మకాయ వైపు చూశాడు. "నేనే. రెడ్యా నటుడు కాదు గదా, నవ్వు తీయలే. నవ్వు తీయకుంట పోయిండు. గప్పటి సంది నా కెమెరాకు కీడు వట్టింది యాకన్నా." గొంతులో నిజమైన బాధ ఉంది. అందుకే నమ్మాను.

తర్వాత లేచి, లైటు చూసుకోవాలి, జర గా వెలుతురుల నిలబడు అన్నాడు. నిలబడ్డాను. జర నవ్వు అన్నాడు. నవ్వడానికి నేను రుసుము తీసుకోను. నవ్వాను. కెమెరా ముందు భాగంలో చిన్న ఎర్ర చుక్క వెలిగింది. మా ఇంట్లో టీవీ ఆపినా వెలుగుతుంది అలాంటిదే అనుకున్నాను.

నేను వెళుతుంటే వెనక నుంచి అన్నాడు: "మోకాలు బాగ నొస్తుందా అన్నా? మెట్లెక్కేటప్పుడు బరువంత రెయిలింగ్ మీదనే ఏస్తున్నవు. పైలం."

జాగ్రత్త చెబుతున్నాడు, మంచి మనిషి అనుకున్నాను.

* * *

పదకొండుంబావుకు బాల్కనీ చూశాను. విరిగిన ముక్కను పోలీసులు తీసుకుపోయారు, రెండు వైపులా మొండేలు మిగిలాయి. నాణ్యమైన టేకు. ఆ టేకు సాంసన్‌ను ఒక్క టేకులోనే తీసుకుపోయింది. మోకాలు మడవలేక నేల మీద బోర్లా పడుకుని మొండేన్ని కింద నుంచి చూశాను. ముప్పాతిక మందం అడుగు నుంచి రంపంతో కోశారు. పైన పావు వంతు వదిలారు, చూస్తే తెలియకుండా. కోత పక్కన వేలు పెడితే అంటుకుంది. జిగురు. జిగురులో నల్లని దారం పోగులు.

నల్లగుడ్డ టేపు. షూటింగుల్లో తీగలు నేలకు అంటించడానికి వాడతారు. కోసిన గాటును దానితో కప్పి, చీకట్లో నల్ల రెయిలింగ్ మీద నల్ల టేపు కలిసిపోయేలా చేశారు. ఇది వడ్రంగి పని కాదు. వడ్రంగి గాటు దాచాలంటే లప్పం పెట్టి, గీకి, పైన రంగు వేస్తాడు. మూలన ఉన్న జోసెఫ్ పనిముట్ల సంచీలో చూస్తే లప్పం డబ్బా ఉంది, నల్ల రంగు ఉంది. చేతిలో రెండూ ఉన్నవాడు టేపు ఎందుకు అంటిస్తాడు?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అంత మందం టేకు కోస్తే టాకీసంతా వినపడాలి. ఎవరికీ ఎందుకు వినపడలేదు?

దానికి జవాబు వెనక దొడ్లో దొరికింది. జనరేటర్ చూసుకునే తుల్సీరాం బీడీ కాలుస్తూ చెప్పాడు. నిన్న తొమ్మిదీ పదికి వాకీటాకీలో జనరేటర్ వేయమని మాట వచ్చింది. ముప్పై నిమిషాలు నడిచాక ఆపమని వచ్చింది. కరెంటు పోలేదు. ఎవరి గొంతు అంటే తల అడ్డంగా ఊపాడు. వాకీటాకీలో అందరి గొంతులూ డబ్బా గొంతులే. మాటొస్తే చేస్త గని ఎవలని అడుగుతనా అన్నాడు.

రంపం శబ్దాన్ని జనరేటర్ మింగింది. వేయమన్నవాడే కోసినవాడు.

ఇంత తెలివి మీద ఉండగా సీఐ శశిధర్ వచ్చాడు. పేరులో చంద్రుణ్ని పెట్టుకున్నాడు గాని మనిషి మే నెల ఎండ. నేను హెడ్‌గా ఉన్నప్పుడు జనగామలో ట్రైనింగుకు వచ్చిన కుర్రాడు. కేసు డైరీ రాయడం నేనే నేర్పాను. ఆ సంగతి అతనికి గుర్తుండటమే నా దురదృష్టం.

"ఏందన్నా, పెండ్లి సంబంధం చూస్తానికి వచ్చినవా?" అన్నాడు.

"కోత చూస్తానికి వచ్చిన సార్. మీరు కోసే కోతలు గాదు, గీడ కోసిన కోత."

వెనకున్న కానిస్టేబుల్ దగ్గి నవ్వు కప్పుకున్నాడు. శశిధర్ నవ్వలేదు. రంపం జోసెఫ్ సంచీలో దొరికిందనీ, వారం క్రితం ఇంటి జాగా పంపకం దగ్గర బావాబామ్మర్దులు కొట్టుకోబోయారనీ, ఎనిమిది మంది చూశారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. సంచీ రెండు రోజులుగా ఇక్కడే మూలన పడి ఉంది, ఎవరైనా తీయొచ్చన్నాను. లప్పం గురించి చెప్పాను. జనరేటర్ గురించి చెప్పాను. అంతా విన్నాడు. అతను బుర్ర లేనివాడు కాదు, అదే కష్టం.

"టేపు గీడ ముప్పై మంది నడుములకు ఉన్నదన్నా. జనరేటర్ చెప్పినోని గొంతు ఎవలకు తెల్వది. నాకు సందేహం కాదు కావల్సింది."

"సందేహంల కూడా దేహమున్నది సార్. మార్చురీల."

"మాటలు మస్తుగ చెప్తవు. నాలుగింటికి జోసెఫ్‌ను జడ్జి ముంగట పెడుత. గా లోపట మనిషిని చూపి, రుజువు చేతికియ్యి. లేకుంటె పోయి సంబంధాలు చూస్కో."

అతను వెళ్లాక బాల్కనీలో నేనొక్కణ్నే మిగిలాను. అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అదే భయపెట్టింది. గడియారం చూస్తే పన్నెండూ నలభై. పోలీస్ స్టేషన్ బయట గోడ నీడలో రజని కూర్చుని ఉంటుంది. ఫోన్ చేసి ఏదైనా తమాషా మాట చెబుదామనుకున్నాను. ఒక్కటీ దొరకలేదు.

ఆ తర్వాత గంటంబావు లైట్లవాళ్లనూ మేకప్‌వాళ్లనూ ఒక్కొక్కరినే పట్టుకున్నాను. నిన్న పొద్దున అందరూ టిఫిన్ తింటున్నారు. మానుకోటలో అంతసేపు ఇడ్లీ తిన్నవాళ్లు ఇంకెవరూ ఉండరు.

* * *

రెండూ ఐదుకు, కనీసం రజని అడిగిన రెండో పనైనా చేద్దామని ఆపరేటర్ గదికి ఎక్కాను. బాల్కనీ వెనక పదిహేడు చెక్క మెట్లు, నిటారుగా. ఒకవైపు గోడ లేదు. రెయిలింగ్ మీద బరువంతా వేసి, బండి లాగే ఎద్దులా రొప్పుతూ పైకి చేరాను. అది కిర్రుమంది గాని కదల్లేదు.

గదిలో తుప్పు పట్టిన రెండు ప్రొజెక్టర్ల మధ్య స్వాతి కూర్చుని ఉంది. చిట్యాల అమ్మాయి. కెమెరాల్లోంచి వచ్చిన కార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఎపిసోడ్ బయటికి పొక్కకూడదని ఆ కంప్యూటర్‌కు నెట్ లేదు. ఫ్లెక్సీకి సాంసన్ ఫొటో ఏదైనా ఉందా అని అడిగాను. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిన్నటి నుంచి ఆ ఫైళ్లు తెరవలేదంది. రజని కోసం తెరిచింది.

బయట జనరేటర్ మొదలైంది. గోడ అదిరింది.

"కరెంటున్నది గదా, ఎందుకేసిన్రో," అంది స్వాతి, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. నా దృష్టీ స్క్రీన్ మీదే ఉంది. నిన్నటి ముక్కలన్నీ ఒక్కొక్కటిగా తిప్పడానికి అరగంట పట్టింది. నలుపు తెలుపులో ఖాళీ బాల్కనీ. మెట్లు. సాంసన్ చెయ్యి. ఆ తర్వాత సాంసన్ మొహం, దగ్గరగా. పై పన్ను ఒకటి సగం విరిగి ఉంది. కెమెరాలోకి చూసి నవ్వుతున్నాడు. ఆరు క్షణాలు.

"గిది మంచిగున్నదన్నా. నవ్విన షాటు."

మంచిగానే ఉంది. రజని ఇంట్లో గోడకు పెట్టుకునేలా ఉంది. తీసుకుంటానని నోరు తెరిచి, అలాగే ఆగిపోయాను.

"స్వాతీ, గీ నవ్వు ఎప్పుడు తీస్తరు?"

"సచ్చిన షాటు అయినంక. లేసి నవ్వాలె. ముందు అస్సలు తియ్యరు, కీడు."

"నిన్న సాంసన్ శవం షాటు అయిందా?"

"యాడిదన్నా? గది తినేముందు తీద్దుమనుకున్నరు. గా లోపట్నే..."

ఇద్దరం ఫైలు కింద ఉన్న టైము చూశాం. పది నలభై ఎనిమిది.

తొమ్మిదీ పదికి రెయిలింగ్ కోశారు. పది నలభై ఎనిమిదికి నవ్వు తీశారు. పదకొండూ ఇరవై ఆరుకు మనిషి పడ్డాడు. శవం షాటు తీయనే లేదు. మరి శవం ఎందుకు నవ్వింది? లేచి నవ్వడానికి సాంసన్ ఉండడని, పది నలభై ఎనిమిదికే ఒకరికి తెలుసు. తెలిసీ నవ్వు తీయకుండా ఉండలేకపోయాడు. మనిషిని చంపడానికి చెయ్యి వణకలేదు, ఆనవాయితీ తప్పడానికి వణికింది. నవ్వు తీయకుంట పోయిండు అని రెడ్యా గురించి పొద్దున అంత బాధగా చెప్పిన గొంతు నా చెవిలో మళ్లీ వినపడింది.

"ఇది ఏ కెమెరాతోని తీసిన్రు?"

"పెద్ద సార్‌ది. రాంచందర్ సార్‌ది. దాన్ని ఇంకెవ్వలు ముట్టరు."

భూపాలపల్లిలో ఆ లైటు ఉండాల్సిందేనని పట్టుబట్టింది ఎవరో ఇప్పుడు అర్థమైంది. ఏదో జోకు వేయబోయాను. స్వాతి నా వైపు చూడటం లేదు. ఇంకో కార్డు పెట్టింది. ఇవాళ్టిది. గడియారం ముక్క, మెట్ల ముక్క, నీడ ముక్క వరుసగా జరుపుతూ పోయి ఒకచోట ఆపింది.

"యాకన్నా," అంది. "నీది గుడ ఉన్నది."

తెర మీద నేను. నలుపు తెలుపులో. బట్టతల మెరుస్తోంది. నోరంతా తెరిచి, లోకంలో ఏ బాధా లేనివాడిలా నవ్వుతున్నాను. పది యాభై రెండు.

లైటు చూసుకోవడానికన్నాడే అన్నాను. ఎర్ర చుక్క వెలిగిందా అని అడిగింది స్వాతి. వెలిగిందన్నాను. ఎర్ర చుక్క వెలిగితే కెమెరా తిరుగుతున్నట్టే అంది.

గోడలోని ప్రొజెక్టర్ కంతలోంచి కిందికి చూశాను. హాల్లో రాంచందర్ కుర్చీ ఖాళీగా ఉంది. కెమెరా స్టాండు ఉంది. స్టాండు మీద కెమెరా లేదు.

శశిధర్‌కు ఫోన్ చేశాను. జనరేటర్ రొదలో అరిచి చెప్పాల్సి వచ్చింది. నవ్వు, టైము, శవం షాటు తీయని సంగతి. చివరికి నా నవ్వు సంగతి కూడా. అతను వెక్కిరిస్తాడనుకున్నాను. నేరుగా పనిలోకి దిగాడు.

"కార్డులు చేతిల ఉన్నయా?"

"ఉన్నయి సార్. ఫోన్ల ఫొటో తీసి పంపాల్నా?"

"ఫొటో పంపు గని జడ్జికి కార్డే కావాలె. నేను జోసెఫ్‌ను తీస్కొని కోర్టు కాడనే ఉన్న. జీపు పంపిస్తున్న, గేటు దగ్గరికి రా. నాలుగు దాంక ఆగుత." ఆ తర్వాత ట్రైనింగు నాటి గొంతుతో అన్నాడు, "అన్నా. పైలం."

ఆ మాట ఇవాళ నాకు రెండోసారి వినపడింది.

ఫోన్ పెట్టేసేసరికి జనరేటర్ ఆగింది. ఒక్కసారిగా. చెవులు గుయ్‌మన్నాయి. పైన గబ్బిలం రెక్క కొట్టుకోవడం కూడా వినపడింది. గడియారం చూస్తే రెండూ యాభై. ఇటు జీపు వస్తోంది, అటు కోర్టు గేటు దగ్గర జోసెఫ్ చేతికి బేడీ, ఇప్పుడు అక్కడి గోడ నీడలో రజని. కార్డులు రెండూ చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. స్వాతిని నా వెనకే రమ్మన్నాను.

తలుపు తీశాను. ఎక్కేటప్పుడు మెట్ల పైన వెలిగిన బల్బు ఇప్పుడు లేదు. పదిహేడు మెట్లూ చీకట్లోకి దిగిపోయాయి. మోకాలు సలిపింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, ఎప్పటిలాగే రెయిలింగ్ మీద చెయ్యి వేశాను. బరువు ఇంకా వేయలేదు.

చేతికి చెక్క తగల్లేదు. గుడ్డ తగిలింది. వేలు తీస్తే అంటుకుంది.

రెండో చేత్తో వెనకున్న స్వాతిని గోడకేసి అదిమి ఆపాను. కింద, మెట్ల అడుగున, సరిగ్గా నా మొహానికి ఎదురుగా, చిన్న ఎర్ర చుక్క వెలిగి ఉంది.